చలికాలపు పేరంటాలు



ధనుర్మాసం వచ్చిందంటే మన ఇండ్లకు వచ్చిపోయేవాళ్ళు ఎక్కువవుతారు. పండుగ నెల కదా! భోగినాడు పసిపిల్లలకు భోగిపండ్లు పోయాలి. సంక్రాంతికి పసుపు కుంకాలకు నలుగురిని పిలవాలి. క్రిస్మసుకు ఎదురింటి క్రైస్తవ సోదరి కేకు పంపితే, ఆమెను పిల్లలతో సహా ఒక పూట మన ఇంటికి రమ్మనాలి. మాఘమాసం వచ్చిందంటే నిశ్చితార్థాలు, సీమంతాలు సరేసరి. వేసవిలో అయితే మిద్దెమీద నీళ్ళు చల్లి చాపలు పరిస్తే ఇరవైమంది హాయిగా కూర్చుంటారు. చలికాలంలో ఆ ఇరవైమందికీ ఇంట్లోనే చోటు చూపించాలి. వాళ్ళు ముడుచుకుని కూర్చోకుండా, "ఇంక పోయొస్తామమ్మా" అని తొందరపడకుండా, తృప్తిగా ఉండి వెళ్ళాలంటే మనం ఏమేం చూసుకోవాలి? ఈ పూట ఆ సంగతి ముచ్చటించుకుందాం.

"కర్నూలులో, కడపలో చలేమిటి వదినా!" అని బయటి ఊరినుండి వచ్చిన ఆడపడుచు నవ్వవచ్చు. ఆమె నవ్వులోనూ కొంత న్యాయం ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో కూడా మన వైపు పగటి వేడి 30 డిగ్రీల దగ్గరికి వస్తుంది. మధ్యాహ్నం రెండు గంటలకు ఫ్యాను వేసుకునే ఇండ్లూ ఉన్నాయి. కానీ తెల్లవారుజాముకు అది 20 డిగ్రీల లోపుకు, కొన్ని రాత్రులు 15 డిగ్రీలకు అటూ ఇటూగా దిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన ఎండకు అలవాటు పడిన ఒళ్ళు మనవి. వాటికి ఇది చలే. పైగా పగలు చెమట, రాత్రి వణుకు అన్నట్టు ఒక్కరోజులోనే అంత తేడా వస్తే పెద్దవాళ్ళ ఒళ్ళు, పసివాళ్ళ ఒళ్ళు తట్టుకోలేవు.

ఈ తేడా మన నేల గుణం. సముద్రం దగ్గరి ఊళ్ళల్లో గాలిలో తేమ ఎక్కువ. ఆ తేమా, మబ్బూ కలిసి దుప్పటి మాదిరి పనిచేసి, పగలు నేల తాగిన వేడిని రాత్రి పైకి పోనీయకుండా కొంతవరకు పట్టి ఉంచుతాయి. మనవి పొడి సీమలు. ఈశాన్య ఋతుపవనాల వానలు వెనకబట్టిన తర్వాత ఆకాశం తేటగా ఉంటుంది. కప్పుకోను దుప్పటి లేనట్టే గదా! అందుకే పొద్దు గుంకిందో లేదో నేల చల్లబడడం మొదలవుతుంది. అంటే మన చలి రోజంతా ఉండే చలి కాదు. సాయంత్రం ఆరు దాటినాక నేలలోనుండి పైకి వచ్చే చలి. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకుంటే పేరంటానికి సగం ఏర్పాటు అయినట్టే.

మొదట వేళ సంగతి చూద్దాం. దీపాలు పెట్టే వేళకు పేరంటం పిలవడం మనకు అలవాటు. సంక్రాంతి రోజుల్లో మన వైపు పొద్దు ఆరు గంటల ప్రాంతంలో గుంకుతుంది. ఆరున్నరకు పిలిస్తే ఏడుకు వస్తారు, ఎనిమిదిన్నరకు పోతారు. చంటిపిల్లను ఎత్తుకుని, ఆటోలో చలిగాలికి ఎదురుగా పోవాలి. దానికి బదులు మూడున్నరకు రమ్మనండి. ఊరికే "సాయంత్రం రండి" అనకుండా, "మూడున్నరకు రా అక్కా, దీపాల వేళకు ఇల్లు చేరుకోవచ్చు" అని చెప్పండి. వచ్చేవాళ్ళకు మనం వాళ్ళ ఇబ్బంది గూడా ఆలోచించామని తెలుస్తుంది. ఉద్యోగాలు చేసే సోదరీమణులకు ఆ వేళ కుదరదు. వాళ్ళకోసం ఆదివారం పెట్టుకోండి. మంచిరోజు తప్పనిసరి అనుకున్న వేడుక అయితే పూజ ఉదయమే చేసుకుని, పిలుపు మాత్రం ఆదివారానికి మార్చుకోవచ్చు.

ఏ గదిలో కూర్చోబెట్టాలన్నదీ వేళతో ముడిపడిన సంగతే. మధ్యాహ్నం నుండి ఎండ పడేది పడమటి గోడమీద. రాతి గోడగానీ ఇటుక గోడగానీ ఆ వేడిని తాగి సాయంత్రం నిదానంగా లోపలికి వదులుతుంది. వేసవిలో మనం తిట్టుకునే ఆ పడమటి గదే చలికాలంలో అతిథులకు తగిన గది. మధ్యాహ్నం పన్నెండు నుండి నాలుగు దాకా దాని కిటికీ తెరలు పక్కకు తీసి ఎండను లోపలికి రానీయండి. ఖర్చు లేని ఏర్పాటు ఇది.

ఇక నేల. కడప బండ పేరు తెలియని ఇల్లు తెలుగునాట ఉండదేమో! జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నల్లబండ, బేతంచెర్ల పాలిషు బండ — మన ఇండ్లల్లో ఎక్కువగా కాలికింద ఉండేవి ఇవే. ఇవన్నీ సున్నపురాయి జాతివి. ఎండాకాలం వీటి చల్లదనమే మనల్ని బతికిస్తుంది. చలికాలంలో మాత్రం పేరంటాన్ని ముందుగా చెడగొట్టేది ఈ బండే. ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఒకే గదిలో ఒక కాలు బండమీద, ఒక కాలు చాపమీద పెట్టండి. రెండూ ఆ గదిలోనే రాత్రంతా ఉన్నాయి గనుక రెండింటి వేడీ దాదాపు ఒకటే. అయినా బండ జివ్వుమంటుంది, చాప అనదు. రాయి మన కాలిలోని వేడిని చురుగ్గా లాగేసుకుంటుంది. చాపలోని నారల మధ్య గాలి నిలిచి ఉంటుంది గనుక అది వేడిని అంత త్వరగా లాగదు. కాబట్టి మనం గది అంతా వేడి చేయనవసరం లేదు. వచ్చినవాళ్ళ కాళ్ళకూ బండకూ మధ్య గాలి నిలిచే వస్తువు ఒకటి పరిస్తే చాలు.

ఒక పలచని జంఖానా చాలదు. కింద ఈతచాప, దానిమీద పాత చీరలతో కుట్టిన బొంత, పైన శుభ్రమైన జంఖానా — ఇలా మూడు పొరలు వేయండి. కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి ఉంటే బొంత బదులు అది మరీ మంచిది. చాలా ఇండ్లల్లో అటకమీద మడిచి పెట్టిన కంబళి ఒకటి ఉండనే ఉంటుంది. రెండు రోజులు ఎండలో వేసి, కర్రతో దులిపి తీసుకురండి. దులపడం మరువకండి. అటకమీది దుమ్ము ఆయాసం ఉన్నవాళ్ళకు విషంతో సమానం. అంతా పరిచినాక అంచులు పైకి లేవకుండా సర్దండి. పళ్ళెం పట్టుకుని వచ్చే అమ్మాయి కాలికి జంఖానా అంచు తగులుకుని పడిన ఇండ్లు ఎన్ని లేవు!

కాళ్ళు వెచ్చగా ఉంటే మనిషి వెచ్చగా ఉన్నట్టేనని చలిదేశాలవాళ్ళు ఎప్పుడో తెలుసుకున్నారు. జపానులో కొటాట్సు అని ఒక పొట్టి బల్ల ఉంటుంది. దానిమీద బొంత కప్పి, కింద వేడి పెట్టి, ఇంటిల్లిపాదీ కాళ్ళు అందులోకి చాపుకుని కబుర్లు చెప్పుకుంటారు. కొరియా దేశంలో పొయ్యి పొగను నేల అడుగునుండి గొట్టాలలాంటి దారులగుండా పోనిచ్చి, రాతి నేలనే వేడి చేసే పద్ధతి ఉండేది. దాన్ని ఒండోల్ అంటారు. ఇప్పుడక్కడ వేడినీళ్ళ గొట్టాలతో ఆ పని చేస్తున్నారు. కానీ పాతకాలపు ఒండోల్ వెనక ఒక విషాదం గూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దం మధ్య రోజుల్లో ఆ పొయ్యిల్లో బొగ్గు ఇటుకలు కాల్చేవాళ్ళు. నేలలో ఎక్కడైనా బీట పడితే బొగ్గు వాయువు గదిలోకి వచ్చి, పడుకున్నవాళ్ళు పడుకున్నట్టే ప్రాణాలు విడిచేవాళ్ళు. అలా పోయిన కుటుంబాలు ఎన్నో.

ఈ కొరియా సంగతి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఈ పూట నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మన ఇంటి కుంపటి గురించే.

చలిగా ఉందని కిటికీలన్నీ మూసి, గది మధ్య నిప్పుల కుంపటి పెట్టడం మర్యాద అనుకుంటాం. పురిటి గదిలో అయితే మరీ జాగ్రత్త! బాలింతకు చలి తగలరాదని తలుపుకు దుప్పటి కట్టి, మంచం కింద నిప్పులు పెట్టి, సాంబ్రాణి వేసి, బిడ్డను చూడవచ్చిన పదిమందినీ ఆ గదిలోనే కూర్చోబెడతాం. "మా అవ్వ కాలంనుండీ చేస్తున్నదే గదా, ఎవరికేమయింది?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

మన పాత మట్టి మిద్దెలు గుర్తు చేసుకోండి. పైకప్పులో గవాచి ఉండేది. వెలుతురు లోపలికి రావడానికీ, పొగ బయటికి పోవడానికీ పెట్టుకున్న కన్నం అది. తలుపు చెక్కల మధ్య సందులుండేవి. కిటికీకి అద్దాలుండేవి కావు. అవ్వ కుంపటి పెట్టుకున్నది అటువంటి ఇంట్లో. మనం ఉంటున్నది సిమెంటు కప్పు వేసిన ఇంట్లో, అల్యూమినియం చట్రంలో జరిపే అద్దాల కిటికీలున్న ఫ్లాటులో. అవి మూస్తే చీమ దూరే సందు ఉండదు. ఇల్లు మారిపోయింది, కుంపటి మాత్రం అట్లాగే ఉండిపోయింది. ప్రమాదం అంతా ఇక్కడ ఉంది.

బొగ్గు కాలినప్పుడు గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. కండ్లు మండవు, దగ్గు రాదు. పొగ లేకుండా ఎర్రగా కణకణలాడే బొగ్గులు క్షేమం అనుకుంటాం గానీ, ఈ వాయువు రావడానికి పొగతో పని లేదు. మన రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే పదార్థం ఒకటి ఉంది. అదే హిమోగ్లోబిన్. ప్రాణవాయువు కంటే ఈ విషవాయువు దానికి రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. ఒకసారి అతుక్కుంటే ప్రాణవాయువుకు చోటుండదు. ముందు తలనొప్పి, తల తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, కాళ్ళల్లో సత్తువ లేకపోవడం, తర్వాత మగత. పేరంటంలో నలుగురైదుగురికి ఒకేసారి తల దిమ్మెక్కితే "దిష్టి తగిలింది" అనో "చలిగాలి కొట్టింది" అనో అనుకుని తలుపు ఇంకా బిగించి మూయకండి. పసిబిడ్డలకు, గర్భిణులకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు ఈ వాయువు మరీ త్వరగా కీడు చేస్తుంది. సీమంతానికి కూర్చోబెట్టిన అమ్మాయి కడుపులోని బిడ్డ గూడా తల్లి రక్తంమీదనే బతుకుతున్నదని మరువకండి.

అటువంటి అనుమానం వస్తే చేయవలసింది ఇది. వెంటనే అందరినీ బయటికి తీసుకుపోండి. తలుపులు, కిటికీలు బార్లా తెరవండి. ఎవరైనా మత్తుగా ఉన్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా 108కి ఫోను చేయండి. బొగ్గుల కుంపటి సంగతి డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి. చెప్పకపోతే మామూలు జ్వరమో, తిండి తేడానో అనుకునే అవకాశం ఉంది.

కుంపటి తోడుగా ఇంకొక శత్రువు స్నానాల గదిలో ఉంటుంది. పండుగకు వచ్చిన చుట్టాలు తెల్లవారుజామున తలంటు పోసుకుంటారు. గ్యాసుతో నీళ్ళు కాచే గీజరు స్నానాల గది లోపలే బిగించి, కిటికీ మూసి ఉంటే, అక్కడా అదే వాయువు చేరుతుంది. గ్యాసు గీజరు గది బయట ఉండాలి, లేదా దాని గొట్టం బయటికి పోవాలి. అలా లేకపోతే బకెట్లోకి నీళ్ళు పట్టి, గీజరు ఆపి, కాసేపు తలుపు తెరిచి ఉంచి, ఆ తర్వాతే లోపలికి పొమ్మనండి. కొత్తగా వచ్చిన చుట్టానికి ఈ సంగతి తెలియదు. మనమే చెప్పాలి.

మరి కుంపటి లేకుండా ఇరవైమందిని చలిలో కూర్చోబెట్టడం ఎట్లా అంటారా? కూర్చున్న మనిషి ఒంటినుండి మన పాతకాలపు 100 వాట్ల బల్బు ఇచ్చేంత వేడి దాదాపుగా వస్తూనే ఉంటుంది. గదిలో పదిహేనుమంది కూర్చుంటే పదిహేను బల్బులు వెలిగినట్టే. అంటే ఒక పెద్ద కరెంటు హీటరుతో సమానం! వచ్చిన చుట్టాలే మన కుంపటి. నేలమీద మూడు పొరలు పరిచి, పొద్దు ఉండగానే జనాన్ని కూర్చోబెడితే గది దానంతట అదే వెచ్చబడుతుంది. కాబట్టి ధైర్యంగా రెండు వైపులా కిటికీలు జానెడు తెరిచి ఉంచండి. గాలి కూర్చున్నవాళ్ళ నడుములకు కాకుండా తలలపైనుండి పోయేలా పైరెక్కలు తెరవండి. మూసిన గదిలో ఒకరి దగ్గు పదిమందికి ఎట్లా అంటుకుంటుందో 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అందరం చూశాం. చలికాలపు జలుబులదీ అదే దారి.

కరెంటు హీటరు ఉన్నవాళ్ళు, జనం రాకముందు అరగంట వేసి ఆపేయండి. చీర కుచ్చిళ్ళకు, కిటికీ తెరలకు మూడు అడుగుల దూరంలో ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకుండా గోడలోని పెద్ద ప్లగ్గుకే పెట్టండి. దీపాల దగ్గర కూర్చునేవాళ్ళు నైలాను, పాలియెస్టరు చీరలు కట్టుకోకుండా ఉంటే మేలు. అంటుకుంటే అవి కరిగి ఒంటికి పట్టేస్తాయి. ఎక్కడైనా కాలితే పేస్టు, సిరా పూయకుండా, ఇరవై నిమిషాలు కుళాయి నీళ్ళ ధార కింద పెట్టి, తర్వాత డాక్టరు దగ్గరికి పోవాలి.

బాలింతకు, బిడ్డకు వెచ్చదనం ఎట్లా? కుంపటికంటే మంచి ఏర్పాటు తల్లి దగ్గరే ఉంది. కొలంబియా దేశపు రాజధాని బొగోటాలో 1978లో డాక్టర్లు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలను తల్లి రొమ్ముకు ఆనించి, ఒంటికి ఒళ్ళు తగిలేలా కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. పెట్టెల్లో పెట్టడానికి పెట్టెలు చాలక మొదలైన ఆ పద్ధతి, కంగారూ పద్ధతి అనే పేరుతో ఇప్పుడు ప్రపంచమంతా పాకింది. మన ఆసుపత్రుల్లోనూ నేర్పుతున్నారు. బిడ్డకు తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు వేసి, పొడి బట్టలో చుట్టి, తల్లి ఒడిలో ఉంచితే చాలు. చూడవచ్చిన పెద్దమ్మలు, పిన్నమ్మలు బయటి గదిలో కూర్చుని, ఇద్దరిద్దరుగా లోపలికి పోయి చూసి రావచ్చు. చేతులు కడుక్కుని పోవాలి. జలుబు ఉన్నవాళ్ళు గడప దగ్గరినుండే దీవించాలి. "బిడ్డను చేతికి ఇవ్వలేదు" అని నొచ్చుకోకుండా, ఇంటి పెద్ద అత్తమ్మే ముందుగా ఆ మాట చెబితే కోడలికి మాట రాదు.

భోగిపండ్ల వేడుకలోనూ పసివాళ్ళ సంగతి చూసుకోవాలి. రేగిపండ్లు, చామంతి రేకులు, చెరకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర నాణేలు కలిపి తలమీదుగా పోస్తాం. పోసిన మరుక్షణం పిల్లలు ఏరుకుని నోట్లో పెట్టుకుంటారు. రేగివిత్తు, శనగగింజ, రూపాయి నాణెం — వీటిలో ఏదైనా ఊపిరి గొట్టంలో పడగలదు. ఐదేళ్ళ లోపు పిల్లలు ఉన్నచోట నాణేలు, శనగలు మానుకుని పూలరేకులు ఎక్కువ వేయండి. నాణేలు లేకపోతే ఒప్పుకోమనే జేజి ఉంటే ఎన్ని వేశామో లెక్కపెట్టి వేసి, లెక్కపెట్టి తీయండి. ఇదీ నాలుగు గంటలకే ముగించండి. తలంటిన తడి జుట్టుతో పసిబిడ్డను రాత్రిదాకా పీటమీద కూర్చోబెట్టకూడదు.

ఇక తిండి ఏర్పాటు. చలికాలంలో ముప్పై రకాలు చల్లగా పెట్టేకంటే మూడు రకాలు వేడిగా పెట్టడం నయం. మన వైపు దానికి కొదవ లేదు. పొంగణాల పెనం పొయ్యిమీద ఉంటే వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఏడెనిమిది పొంగణాలు దించి పెట్టవచ్చు. ఉగ్గానికి బొరుగులు తప్ప ముందుగా నానబెట్టవలసింది లేదు, పోపు తయారుగా ఉంటే పది నిమిషాల పని. పక్కన వేడి మిరపకాయ బజ్జీలు రెండు. మంచు పడే రోజుల్లో అనపకాయలు వస్తాయి గదా! ఆ గింజలు నానబెట్టి పితికితే వచ్చే పితికిపప్పు రుచి వేసవిలో దొరకదు. తీపికి నువ్వుల ఉండలు, బుడ్డల ఉండలు రెండురోజుల ముందే చేసి డబ్బాలో పెట్టుకోవచ్చు. ఓళిగలు మాత్రం పెనంమీదినుండి నేరుగా విస్తట్లోకి రావాలి. నెయ్యి పేరుకుంటుంది గనుక నేతిగిన్నెను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టండి.

చలి వంటింట్లో గూడా పనులను నిదానం చేస్తుంది. దోసెపిండి, పొంగణాల పిండి వేసవిలో పొంగినట్టు పొంగవు. రేపటి సాయంత్రానికి కావలసిన పిండి ఈ సాయంత్రం కాకుండా ఈ మధ్యాహ్నమే రుబ్బి, గిన్నెకు తువాలు చుట్టి ఎండ తగిలిన గదిలో పెట్టండి. పాలు కొంచెం వేడి ఎక్కువగా ఉన్నప్పుడే తోడు వేసి, గిన్నెను కంబళి ముక్కలో చుడితే పెరుగు గట్టిగా తోడుకుంటుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డ కడుతుంది. పేరంటాండ్ర తలకు రాయడానికి సీసాను ముందే ఎండలో పెట్టి ఉంచండి. రాగానే ఫ్రిజ్జులోని చల్లనీళ్ళు ఇవ్వకుండా జీలకర్ర వేసి కాచిన గోరువెచ్చని నీళ్ళు ఇవ్వండి. పొడిగాలికి పెదవులు, గొంతు ఎండుతాయి. దాహం వేయకపోయినా నీళ్ళు కావాలి. ఆ తర్వాత శొంఠి కాఫీనో, అల్లం టీనో.

పెద్దవాళ్ళను నేలమీద కూర్చోమనకండి. వీపు ఆనే కుర్చీ వేసి, కాళ్ళ కింద పీట, పీటమీద మడిచిన దుప్పటి పెట్టండి. వాకిలికి ఎదురుగా కాకుండా పడమటి గోడ పక్కన కూర్చోబెట్టండి. స్నానాల గదికి పోయే దారిలో దీపం వేసి ఉంచండి. పాలిషు బండమీద నూనె చుక్కో, పసుపునీళ్ళో పడి ఉంటే వెంటనే తుడిపించండి. చలికి బిగుసుకున్న మోకాళ్ళు జారితే నిలదొక్కుకోలేవు.

పెద్దవాళ్ళు అన్నాను గనుక ఇంకొక మాట. పసుపు కుంకాల పేరంటమని, భర్త పోయిన జేజినో, మేనత్తనో వెనక గదిలో ఉండమనే ఇండ్లు ఇంకా ఉన్నాయి. ఆ వెనక గదికి ఎండ రాదు. పదిమంది ఒంటి వెచ్చదనమూ అక్కడికి చేరదు. ఇంట్లో చలికి ఎక్కువగా వణికే మనిషిని ఇంట్లోకెల్లా చల్లని గదిలో కూర్చోబెట్టి, మనం ఎవరిని ఆదరిస్తున్నట్టు? వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నూట నలభై ఏండ్లు దాటింది. మన కాలంలో మనం చేయవలసింది అంత పెద్ద పని గూడా కాదు. ముందు గదిలో ఒక కుర్చీ, అందరికంటే ముందుగా ఒక వేడి కాఫీ. ఎవరైనా ముఖం చిట్లిస్తే, "మా జేజి దీవెన లేకుండా మా ఇంట్లో పేరంటం లేదు" అని ఇంటావిడ నవ్వుతూ అంటే చాలు. రెండోమారు ఎవరూ అడగరు.

ఇవన్నీ ఒక్కరోజులో తలకెత్తుకుంటే కష్టమే. వరస పెట్టుకోండి. నాలుగు రోజుల ముందు వేళ చెప్పి పిలవడం, కంబళ్ళు ఎండబెట్టడం. రెండు రోజుల ముందు ఉండలు చేయడం. ముందురోజు మధ్యాహ్నం పిండి రుబ్బడం. ఆ రోజు పన్నెండుకు పడమటి గది తెరలు తీయడం, మూడుకు పరుపులు పరచడం, మూడున్నరకు నీళ్ళు కాచి ఫ్లాస్కులో పోయడం, కిటికీల పైరెక్కలు జానెడు తెరిచి ఉన్నాయో లేదో ఒకసారి చూడడం. ఐదున్నరకు తాంబూలాలు. దూరం పోయేవాళ్ళకు తాంబూలంతో పాటు బిడ్డకు చుట్టుకోవడానికి ఒక శాలువా అప్పు ఇచ్చి పంపండి. దాన్ని తిరిగి ఇవ్వడానికి వస్తారు గదా, ఆ వంకన ఇంకొకమారు కలుసుకోవచ్చు.

ఈ సంక్రాంతికి మీ ఇంట పేరంటం చల్లగా — కాదు కాదు, వెచ్చగా జరగాలని కోరుకుంటూ, కుంపటిని మాత్రం పెరట్లోనే ఉంచమని మరొక్కసారి మనవి చేస్తూ, సెలవు తీసుకుంటున్నాను.